ఉద్దెర బుక్కు, పది గంటల తత్కాల్

నాదర్‌గుల్‌లో మా వీధి చివర కిరాణా దుకాణం. ఉదయం 9 గంటల 58 నిమిషాలు. దుకాణం అన్న వాళ్ళ అత్తగారు మర్నాడు రాజమండ్రి వెళ్ళాలి, ఏసీ బోగీలో తత్కాల్ టికెట్ కావాలి. “తమ్మీ, నువ్వు కంప్యూటరోనివి గద, నీ ఫోన్ల దొరుకుతదేమో జూడు” అని పొద్దున్నే కబురు పెట్టాడు. పాల ప్యాకెట్ల ట్రేల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పేరు, వయసు, కింది బెర్తు, అన్నీ ముందే నింపి పెట్టుకున్నాను. పది కాగానే నొక్కాను. తెర మీద గుండ్రటి గుర్తు తిరగడం మొదలైంది. అది తిరుగుతుండగానే అన్న ముగ్గురికి సరుకులు కట్టిచ్చి, అందులో ఇద్దరి ఉద్దెరను బుక్కులో రాసేశాడు. 10:02 కి నా ఫోన్లో వెయిటింగ్ లిస్టు కనబడింది.

“నేను ముగ్గుర్ని పంపిన. అది ఒక్క టికెట్ రాయలే” అన్నాడు నవ్వుతూ.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే డేటాబేసులు ఎంత వేగంగా రాయగలవో కొలవడమే నా ఉద్యోగం. పదుల కొద్దీ కంప్యూటర్లు కలిసి ఒకే పుస్తకంలా నడిచే డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసుల్ని ఉతికి ఆరేసి, “ఇది సెకనుకు ఇన్ని రాతలు తట్టుకుంటుంది” అని కాగితం రాసిస్తాను. అన్న చేసిన పనిని మా భాషలో బెంచ్‌మార్క్ అంటారు. అతను చేతిలో ఉన్న పెన్నుతో కొలిచాడు, అంతే తేడా.

రైల్వే లెక్కే తీసుకుందాం. 2025 మే 22 న ఉదయం పది గంటలకు ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్కయ్యాయి. అప్పటికి అదే రికార్డు. అరవైతో భాగిస్తే సెకనుకు 530. ఈ అంకె చూసి మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు పెదవి విరుస్తారు. విరవరా మరి! మామూలు ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే డేటాబేస్ వేసి, ఒకదానితో ఒకటి సంబంధం లేని వరుసల్ని గుంపులుగా పోస్తే, సెకనుకు పదివేలు దాటడం విశేషమేమీ కాదు. దేశం మొత్తానికి 530 ఏమిటి?

సమాధానం రైల్వే వారి ప్రకటనలోనే ఉంది. 2025 జూన్‌లో వాళ్ళు కొత్త రిజర్వేషన్ వ్యవస్థ లక్ష్యాలు చెప్పారు. నిమిషానికి 32 వేల టికెట్ల సామర్థ్యాన్ని లక్షన్నరకు పెంచుతామన్నారు. నిమిషానికి 4 లక్షల విచారణల్ని 40 లక్షలకు పెంచుతామన్నారు. ఆ లెక్కన బెర్తు ఖాళీ ఉందా లేదా అని చూడడం పది రెట్లు పెరుగుతుంది, బెర్తు రాయడం మాత్రం అయిదు రెట్లకు కూడా చేరదు. వ్యవస్థను కట్టేవాళ్ళకు ఏది బరువో ఈ రెండు అంకెలు చెప్పేస్తున్నాయి. చూపించాల్సిన సమాచారాన్ని ఎన్ని నకళ్ళు తీసి ఎన్ని సర్వర్లలో పెట్టినా ఫరవాలేదు, ఒకటి రెండు సెకన్లు పాతదైనా కొంప మునగదు. రాత అలా కాదు. 42వ బెర్తు ఒక్కటే. దాన్ని ఒక్కరికే రాయాలి. రాశాక అది పోకూడదు.

డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ అంటే క్లౌడ్‌తో పుట్టిన సంగతి అనుకునేవాళ్ళను నేను ఒకసారి సికింద్రాబాద్ తీసుకెళ్ళి స్టేషన్ చూపించాలనుకుంటాను. ఢిల్లీలో 1985-86 లో సీఎంసీ సంస్థ కంప్యూటర్ రిజర్వేషన్ మొదలుపెట్టింది, దాని పేరు ఇంప్రెస్. తర్వాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలోనూ కేంద్రాలు వచ్చాయి కానీ దేని పుస్తకం దానిదే. వాటన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్‌ను రైల్వే వారి సొంత సంస్థ క్రిస్ తయారు చేసింది. దాని పేరు కాన్సర్ట్. అది మొట్టమొదట నడిచింది 1994 సెప్టెంబరులో, మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

అందులో కిటుకు చాలా సాదా. ప్రతి బండికీ ఒక సొంత ఇల్లు ఉంటుంది. ఆ బండి బెర్తుల లెక్క ఆ ఇంటి పుస్తకంలోనే ఉంటుంది. మీరు చెన్నై కౌంటర్లో నిలబడి సికింద్రాబాద్ కేంద్రం చూసే బండికి టికెట్ అడిగితే, ఆ కోరిక తీగ మీద సికింద్రాబాద్‌కు వచ్చి, ఇక్కడ రాయబడి, జవాబు చెన్నైకి వెళ్తుంది. మధ్యలో ఏ కోరిక ఎక్కడికి వెళ్ళాలో చూసి దారి మళ్ళించే సాఫ్ట్‌వేర్ ఒకటి కూర్చుంటుంది. ఈరోజు మేం షార్డింగ్ అని పెద్ద పేరు పెట్టి చెప్పుకునే పని ఇదే. పుస్తకాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక్కో యజమానిని పెట్టడం.

ఇప్పుడు అన్న దుకాణంలోకి వద్దాం. అతని దగ్గర రెండు పుస్తకాలున్నాయి. గల్లా పెట్టె పక్కన ఒక రఫ్ బుక్కు. గిరాకీ ఉన్నప్పుడు ఎవరు ఏం తీసుకున్నా అందులో వరసగా, ఒక దాని కింద ఒకటి గీకేస్తాడు. రాత్రి తొమ్మిది దాటాక షట్టర్ సగం దించి, రెండో పుస్తకం, అంటే ఉద్దెర బుక్కు, తీస్తాడు. అందులో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. రఫ్ బుక్కులోని వరసలన్నీ ఎవరి పేజీలోకి వాళ్ళవి ఎక్కిస్తాడు. మా తాతల కాలంలో మొదటిదాన్ని చిట్టా అనీ, రెండోదాన్ని ఆవర్జా అనీ అనేవారు. ఇప్పటి డేటాబేసుల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో చిట్టా, ఆవర్జాల మీదే నడుస్తాయి.

గిరాకీ మధ్యలో ఆవర్జా తెరిస్తే ఏమవుతుంది? ప్రతిసారీ పేజీలు తిప్పాలి, ఆ మనిషి పేరు వెతకాలి. పాత హార్డ్ డిస్కుల్లో ఈ పేజీ తిప్పడానికి నిజంగానే ఒక లోహపు పళ్ళెం తిరగాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో రాతనూ డిస్కు మీద పడిందని ఖాయం చేసుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి రాస్తే, సెకనుకు నూట ఇరవై దగ్గర ఆగిపోవాలి. అలాంటి డిస్కు మీద “సెకనుకు 5,000 ఖాయం చేశాను” అని ఎవరైనా అంటే రెండే కారణాలుంటాయి. చాలా రాతల్ని ఒక మూటగా కట్టి ఒకేసారి ఖాయం చేస్తుండాలి, లేదా అసలు ఖాయం చేయకుండానే చేశానని చెబుతుండాలి.

అందుకే 1996 లో పాట్రిక్ ఓనీల్, ఎడ్వర్డ్ చెంగ్, డీటర్ గావ్లిక్, ఎలిజబెత్ ఓనీల్ ఒక పద్ధతి రాసి పెట్టారు. వచ్చిన రాతను చిట్టాలో గీకి, జ్ఞాపకంలో ఉంచుకుని, పోగయ్యాక క్రమంలో పెట్టి పెద్ద పుస్తకంలో కలిపేయడం. దీన్ని ఎల్‌ఎస్‌ఎం ట్రీ అంటారు. గూగుల్ బిగ్‌టేబుల్ నుంచి 2008 లో ఫేస్‌బుక్ బయటపెట్టిన కసాండ్రా దాకా చాలా డేటాబేసులు ఈ దారిలోనే వెళ్ళాయి. కలపడం అనే ఆ రాత్రి పనిని కంపాక్షన్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, నా పరువు తీసింది అదే.

అయితే అసలు పేచీ వేరే ఉంది. “రాశాను” అనే మాట ఎప్పుడు అనాలి? అన్న చెవిన వేసుకున్నప్పుడా? పెన్ను తీసినప్పుడా? చిట్టాలో సిరా ఆరాకనా? మనుషుల మధ్య ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. యంత్రాల మధ్య అదే వేగాన్ని తేలుస్తుంది. మోంగోడీబీ అనే డేటాబేసు తొలి రోజుల్లో, దానితో మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రాములు రాతను పంపేసి, జవాబు కోసం ఆగకుండానే ముందుకు వెళ్ళేవి. 2012 నవంబరులో ఆ అలవాటు మార్చారు. కసాండ్రా మామూలు అమరికలో చిట్టాను డిస్కుకు ఖాయం చేసేది పది సెకన్లకోసారి. ఈలోగానే “అయింది” అని చెప్పేస్తుంది. ఒక యంత్రం చచ్చిపోయినా మిగతా నకళ్ళలో ఉంటుందిలే అన్నది దాని ధీమా. ఆ ధీమా తప్పు అనడం లేదు. కానీ ప్రతి రాతకూ డిస్కు దాకా వెళ్ళే డేటాబేసునూ, పది సెకన్లకోసారి వెళ్ళేదాన్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు ముందు పరిగెత్తారో చూడడం మాత్రం శుద్ధ తప్పు. ఒకరు నీళ్ళ బిందెతో పరిగెత్తారు, ఇంకొకరు ఖాళీ బిందెతో.

నకళ్ళ సంగతి వచ్చింది కాబట్టి, మా ఊరి పక్కకు వెళ్ళాలి. నాదర్‌గుల్ నుంచి దక్షిణంగా బండి మీద పావుగంట, ఇరవై నిమిషాలు వెళ్తే రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ. అక్కడ అమెజాన్ వారి డేటా సెంటర్ ప్రాంగణం ఉంది. ఇంకొకటి కందుకూరు వైపు, ఫార్మా సిటీగా తలపెట్టిన ప్రాంతంలో, మరొకటి షాబాద్ మండలం చందనవెల్లిలో. మూడింటి మొదటి దశ పూర్తయిందని 2023 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అంతకు రెండు నెలల ముందే, 2022 నవంబరు 22 న, అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను తెరిచింది. అందులో మూడు జోన్లు, అంటే విడివిడి డేటా సెంటర్ల గుంపులు. ఒక జోన్‌లో కరెంటు పోయినా, నీళ్ళు వచ్చినా మిగతా రెండూ నిలబడేలా వాటిని దూరంగా కడతారు, కానీ వంద కిలోమీటర్లు దాటనివ్వరు.

ఎందుకు దాటనివ్వరు? గాజు తీగలో వెలుతురు కిలోమీటరుకు అయిదు మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఈ లెక్కను ఎవరూ బేరమాడి తగ్గించలేరు. రెండు జోన్ల మధ్య యాభై కిలోమీటర్ల తీగ ఉందనుకుంటే పోను పావు మిల్లీసెకను, రాను పావు. అంటే అర మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబైకి ఏడు వందల కిలోమీటర్ల తీగ అనుకుంటే పోనూ రానూ 7 మిల్లీసెకన్లు. అమెరికాలో వర్జీనియా దాకా గాల్లో గీత గీసినా పదమూడు వేల కిలోమీటర్లు, అంటే కనీసం 130 మిల్లీసెకన్లు. తీగ వంకర్లు పోతుంది కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ.

అన్నకు ఇంకో పుస్తకం ఉందనుకోండి, బడంగ్‌పేటలో తమ్ముడి దుకాణంలో. మూడోది ఇంట్లో వదిన దగ్గర. ఒక పుస్తకం చినిగినా లెక్క పోకూడదని మూడు చోట్లా రాయాలని పెట్టుకున్నారు. ముగ్గురూ రాసేదాకా గిరాకీని నిలబెడితే వదిన పొయ్యి దగ్గర ఉన్నప్పుడు దుకాణం ఆగిపోతుంది. అందుకని ముగ్గురిలో ఇద్దరు రాస్తే చాలు, సరుకు ఇచ్చేయొచ్చు అనుకున్నారు. మూడోవాళ్ళు తీరిగ్గా ఎక్కించుకుంటారు. ఎవరైనా ఇద్దర్ని అడిగితే వాళ్ళలో కనీసం ఒకరికి ఆ రాత తెలిసే ఉంటుంది. దీన్నే కోరమ్ అంటారు. 2014 లో డీగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ రాసిన రాఫ్ట్ పద్ధతి ఇదే ఏర్పాటును అనుమానానికి తావు లేకుండా కట్టుదిట్టం చేసింది. ఈనాటి డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసుల్లో చాలావాటి కడుపులో అదే ఉంది.

కోరమ్‌లో నాకు నచ్చే సంగతి, ముగ్గురిలో అందరికన్నా నిదానంగా ఉన్నవాడు మనల్ని ఆపలేడు. రాతను ముందుగా అందుకుని మిగతావాళ్ళకు పంపే నాయకుడు తనే ఒకడు కాబట్టి మిగతా ఇద్దరిలో ముందు పలికినవాడి కోసమే ఆగుతాడు. అందుకే బెంచ్‌మార్క్ చేసేటప్పుడు నాయకుడు కాని ఒక యంత్రాన్ని కావాలని నెమ్మది చేసి చూడాలి. అంకె పెద్దగా కదలకపోతే కోరమ్ తన పని చేస్తున్నట్టు. ఇంకొకదాన్ని కూడా నెమ్మది చేస్తే అంకె ఢామ్మని పడాలి. పడకపోతే అనుమానించాలి, ఎక్కడో ఎవరో రాయకుండానే “రాశాను” అంటున్నారు.

ఇప్పుడు నా పరువు సంగతి. చాలా ఏళ్ళ కిందట, ఒక కంపెనీలో పని చేస్తున్నప్పుడు, కొత్త డేటాబేస్ ఎంచుకునే బాధ్యత నాకిచ్చారు. నేను ఇరవై నిమిషాల పరీక్ష నడిపాను. గ్రాఫ్ చూడముచ్చటగా వచ్చింది, గీత గీసినట్టు సమంగా. మీటింగులో చూపించాను, చప్పట్లు కూడా పడ్డాయి. నెల తిరిగాక పండగ రద్దీ వచ్చింది. మొదటి గంట బాగానే ఉంది. తర్వాత గ్రాఫ్ రంపపు పళ్ళలా మారింది. ఎక్కడం, పడడం, ఎక్కడం, పడడం. అర్ధరాత్రి ఫోన్లు.

జరిగింది ఇది. నా ఇరవై నిమిషాల్లో యంత్రాలు చిట్టా మాత్రమే రాశాయి. ఆవర్జా ఎక్కించే పని, అంటే కంపాక్షన్, ఇంకా ఊపందుకోకముందే నేను పరీక్ష ముగించేశాను. నిజం రద్దీలో చిట్టాలు గుట్టలుగా పోగయ్యి, యంత్రం ఒక చేత్తో గిరాకీని చూస్తూ రెండో చేత్తో ఆవర్జా ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కో వరసను పైపుస్తకంలోంచి కిందిపుస్తకంలోకి, అక్కణ్ణుంచి ఇంకా కిందిదానిలోకి తిరగరాస్తూ పోతే, మీరు రాసిన ఒక కిలో డిస్కు మీద పది కిలోలు అవ్వొచ్చు. పగలంతా రఫ్ బుక్కు మాత్రమే రాసే దుకాణదారుణ్ణి చూసి, “ఈయనకు రాత్రి పనే లేదు” అనుకున్నాను నేను. అప్పట్నుంచీ నా పరీక్షలు ఒక రాత్రంతా నడుస్తాయి. డిస్కులో సగం పైగా ముందే నింపి మరీ మొదలుపెడతాను. ఖాళీ పుస్తకంలో ఎవరైనా వేగంగానే రాస్తారు.

ఇంకో తప్పు ఉంది. దీన్ని నేనే కాదు, ఈ రంగంలో దాదాపు అందరం చేశాం. గిల్ టెనే అనే ఇంజనీరు దానికి ‘కోఆర్డినేటెడ్ ఒమిషన్’ అని పేరు పెట్టేదాకా చాలామంది గమనించనే లేదు. లెక్క వేసి చూపిస్తాను. సెకనుకు వంద రాతలు వస్తున్నాయనుకోండి. అరవై సెకన్ల పరీక్ష. మొదటి యాభై సెకన్లు ఒక్కోటీ ఒక మిల్లీసెకనులో అయిపోయింది. చివరి పది సెకన్లు యంత్రం కదలకుండా బిగుసుకుపోయింది. మామూలు పరీక్ష ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? ఒక రాత పంపి, జవాబు వచ్చాకే ఇంకోటి పంపుతుంది. కాబట్టి యంత్రం బిగుసుకున్నప్పుడు అదీ చేతులు కట్టుకుని నిలబడుతుంది. దాని పుస్తకంలో 5,000 మంచి రాతలు, ఒక్కటే ఒక్క పది సెకన్ల రాత. సగటు తీస్తే 3 మిల్లీసెకన్లు. అందర్నీ వేగం వరసలో నిలబెట్టి వందలో తొంభై తొమ్మిదో మనిషిని అడిగితే “నాకు ఒక మిల్లీసెకనే పట్టింది” అంటాడు.

ఇప్పుడు జనం వైపు నుంచి చూడండి. జనం యంత్రం కోసం ఆగి రారు, పది కొట్టగానే వస్తారు. ఆ పది సెకన్లలో వెయ్యి మంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొదట వచ్చినవాడు పది సెకన్లు ఆగాడు, చివర వచ్చినవాడు దాదాపు ఆగలేదు, సగటున అయిదేసి సెకన్లు. మొత్తం 6,000 మందికి సగటు తీస్తే 3 కాదు, 834 మిల్లీసెకన్లు. తొంభై తొమ్మిదో మనిషి ఆగింది ఒక మిల్లీసెకను కాదు, 9.4 సెకన్లు. అదే యంత్రం, అదే నిమిషం. మారిందల్లా ఎవర్ని అడిగాం అన్నదే. అందుకని మంచి పరీక్ష ప్రోగ్రామ్ గడియారాన్ని పట్టుకుంటుంది. పంపాల్సిన వేళ వచ్చిందంటే, ముందుదానికి జవాబు వచ్చినా రాకపోయినా, లెక్క అప్పట్నుంచే మొదలవుతుంది.

ఈ కొలతల వ్యవహారం ఎప్పట్నుంచి మొదలైందంటే, 1985 ఏప్రిల్ 1 నాటి డేటామేషన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రచయిత పేరు దగ్గర ‘అజ్ఞాత, తదితరులు’ అన్న అర్థం వచ్చే మాట వేసుకున్నారు. తేదీ కూడా చమత్కారమే. దాని వెనక ఉన్నది అప్పుడు టాండెమ్ కంపెనీలో ఉన్న జిమ్ గ్రే. ఒక బ్యాంకును ఊహించారు. వెయ్యి శాఖలు, పదివేల మంది క్యాషియర్లు, కోటి ఖాతాలు, సెకనుకు వంద లావాదేవీలు. అందులో నూటికి తొంభై అయిదు ఒక్క సెకనులోపు తేలాలి. యంత్రం ధర కూడా లెక్కలో కలపాలి. నలభై ఏళ్ళ తర్వాత చదివినా నాకు ముచ్చటేసేది ఒక్క షరతు. వేగం పెంచి చెప్పుకోవాలంటే బ్యాంకును కూడా పెద్దది చేయాలి. చిన్న బ్యాంకు మీద పెద్ద వేగం చూపించి తప్పించుకునే దారి మూసేశారు. 1988 లో కొన్ని కంపెనీలు కలిసి టీపీసీ అనే మండలి పెట్టుకున్నాయి, తర్వాత లెక్కలకు ఆడిటర్లు కూడా వచ్చారు.

ఇంకోవైపు, కొన్ని డేటాబేస్ కంపెనీల లైసెన్సు కాగితాల్లో, మా అనుమతి లేకుండా మా వేగం కొలిచి అచ్చు వేయరాదు అనే నిబంధన ఉంటుంది. 1980ల మొదట్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్, సహచరులు కొలతలు అచ్చు వేశాక పుట్టిన నిబంధన అది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తూకం వేసిన మనిషి పేరు తూకం వద్దన్న రూలుకి పెట్టడం ఈ రంగంలోనే చూశాను.

మళ్ళీ 42వ బెర్తు దగ్గరికి. సెకనుకు 530 ఎందుకంత బరువో ఇప్పుడు లెక్క కట్టొచ్చు. ఒక బండి, ఒక తేదీ, ఒక తరగతి. దాని తత్కాల్ బెర్తుల లెక్క ఒకటే. ఇద్దరు ఒకేసారి దాన్ని మార్చకూడదు కాబట్టి ఒకరు మారుస్తుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆ రాత ఖాయమయ్యేదాకా తాళం తీయమనుకుందాం. నకలు యాభై కిలోమీటర్ల అవతల ఉంటే, అర మిల్లీసెకను తీగకు, ఇంకో అర డిస్కుకు, మొత్తం ఒక మిల్లీసెకను. అప్పుడు ఆ బండికి సెకనుకు వెయ్యి రాతలు. అదే నకలు ముంబైలో ఉండి దాని జవాబు కోసం ఆగాల్సి వస్తే ఏడున్నర మిల్లీసెకన్లు. సెకనుకు 133. వర్జీనియాలో ఉంటే ఎనిమిదిని కూడా దాటదు. ఈ లెక్కలో యంత్రాల సంఖ్య ఎక్కడా రాలేదని గమనించారా? పది పెట్టినా వెయ్యి పెట్టినా ఆ ఒక్క బండికి అంకె అదే. వేరే వేరే బండ్లకు వేరే వేరే యజమానులను పెట్టి పనిని పంచవచ్చు. ఒకే బండి మీద పడ్డ జనాన్ని పంచలేం. సంక్రాంతి ముందు వైజాగ్ వైపు వెళ్ళే ఏ బండినైనా అడగండి.

యూపీఐతో పోల్చి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. 2025 ఆగస్టులో ఆ చెల్లింపులు నెలకు 2,000 కోట్లు దాటాయి. రాత్రీ పగలూ కలిపి సగటు తీసినా సెకనుకు 7,400 పైచిలుకు. తత్కాల్ రికార్డు కన్నా పద్నాలుగు రెట్లు. రైల్వే వాళ్ళకు చేతకాకనా? కాదు. నా ఖాతాలోంచి అన్న ఖాతాలోకి ఇరవై రూపాయలు వెళ్ళడానికీ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో పానీపూరీకి డబ్బు కట్టడానికీ ఏ సంబంధమూ లేదు. తాళాలు వేరు, బ్యాంకులు వేరు. జనం కోట్ల పేజీల మీద పరుచుకుని ఉన్నారు. తత్కాల్‌లో అందరూ ఒకే పేజీ మీద పడతారు.

అందుకే పరీక్షలో రాతల్ని ఎలా చల్లుతాం అన్నది సగం ఫలితాన్ని తేల్చేస్తుంది. 2010 లో యాహూలో బ్రయాన్ కూపర్, రఘు రామకృష్ణన్ తదితరులు వైసీఎస్‌బీ అనే పరీక్ష సరంజామా తయారు చేసి అందరికీ ఇచ్చారు. ఈరోజు మా రంగంలోవాళ్ళు మొదట ముట్టుకునేది దాన్నే. రాతల్ని సమానంగా చల్లాలా, కొన్ని పేజీల మీదే ఎక్కువ కుమ్మరించాలా అని అందులో ఎంచుకోవచ్చు. ఎవరైనా నాకు గొప్ప అంకె చూపిస్తే నేను మొట్టమొదట చూసేది ఆ ఒక్క సెట్టింగే. సమానంగా చల్లి ఉంటే, ఆ డేటాబేస్ పండగ లేని ఊళ్ళో నడుస్తుందన్నమాట.

ఇందులో ఇంకో మెలిక. వరస నంబర్లు ఇచ్చుకుంటూ పోయే పుస్తకాల్లో కొత్త రాతలన్నీ ఎప్పుడూ చివరి పేజీలోనే పడతాయి. పుస్తకాన్ని నంబర్ల ప్రకారం పది యంత్రాలకు పంచితే, తొమ్మిది ఖాళీగా కూర్చుని చివరిదొక్కటే చెమటోడుస్తుంది. పది యంత్రాలకు డబ్బు కట్టి ఒక యంత్రం వేగం పొందినవాళ్ళను చాలామందిని చూశాను. నంబరును ముందు గిలకొట్టి, ఆ గిలకొట్టిన విలువను బట్టి పంచితే ఈ తిప్పలు పోతాయి. కాకపోతే అప్పుడు “నిన్నటి నుంచి ఇవాళ్టి వరకు” అని వరసగా చదవడం కష్టమవుతుంది. అన్న తన ఉద్దెర బుక్కును ఇంటి నంబర్ల ప్రకారం పెట్టుకున్నాడు, తారీఖుల ప్రకారం కాదు. ఎవరు చెప్పారని అడిగితే “ఎవరు జెప్తరు, పేజీ దొరకాలె గద” అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక, నేను వేసిన లెక్కలన్నీ ఒక బిస్కెట్ అట్ట మీద రాసి అతనికి చూపించాను. పది సెకన్ల బిగుసుకుపోవడం, గుమ్మంలో వెయ్యి మంది. అతను చదివి, గల్లా పెట్టె పక్క నుంచి రఫ్ బుక్కు తీసి వెనక నుంచి మొదటి పేజీ తెరిచాడు. అక్కడ ఉద్దెర లెక్కలు లేవు. రాగి పిండి, ఒక కంపెనీ సబ్బు, చిన్న గ్యాస్ లైటర్, అయిదు రూపాయల కొబ్బరి నూనె ప్యాకెట్టు. ఒక్కో పేరు పక్కన నిలువు గీతలు, అయిదేసి కట్టలుగా.

“గివి లేవని ఎనక్కి పంపినోళ్ళ లెక్క” అన్నాడు. “అమ్మినయి రాస్తే ఎంత అమ్మిన్నో తెలుస్తది. ఎంతమంది అచ్చిన్రో తెల్వదు.”

నా పరీక్ష ప్రోగ్రాముల్లో జవాబు రాక గడువు దాటిపోయిన రాతల్ని ఎన్నాళ్ళు విడిగా పక్కన పడేశానో, సగటులోంచి తీసేసి ఎన్నిసార్లు గ్రాఫులు నున్నగా చేశానో అతనికి చెప్పలేదు. ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు, పక్క వీధి దుకాణం వాడికి తెలిసిపోతుందట.

అత్తగారు ఆ రాత్రే ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్ళారు.